నరసరాజు గారి జలాంతర్గామి

నేను పిలుస్తూంటే, ఏడుస్తూ పిలుస్తూంటే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండి, అంతా వింటూ, నా కూతురు పలకలేదు. ఇది జరిగి వారం దాటింది. నా నుదుటి మీద కుట్లు ఇంకా విప్పలేదు.

లాస్యకు ఇంకా అయిదేళ్లు నిండలేదు. అంత పట్టుదల దానికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే నరసరాజు గారి గురించి చెప్పాలి. ఆయన మంచివారు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. జరిగింది విన్నాక చెబితే ఎవరూ నమ్మరు.

సైనిక్‌పురిలో మా అపార్ట్‌మెంటుకు రెండు వీధుల అవతల ఆయన ఇల్లు. ఆయన భార్య కామాక్షి గారు ఇంట్లోనే క్రెష్ నడుపుతారు. ఇద్దరిదీ భీమవరం పక్క. నరసరాజు గారు నేవీలో జలాంతర్గాముల మీద పనిచేసి రిటైరయ్యారు. నీళ్లలో చప్పుళ్లు వినడం ఆయన ఉద్యోగం. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇది తిమింగలం, ఇది చేపల పడవ, ఇది మనది కాదు అని చెప్పాలి. అవతలి వాళ్లు కూడా అలాగే వింటూంటారు కాబట్టి తమ పడవలో చెంచా కూడా కింద పడకూడదు. ఆ అలవాటు ఒంట్లో ఇంకిపోయి, ఇంటికొచ్చాక కూడా ఆయన మేజోళ్లతోనే నడిచేవారు. కుర్చీల కాళ్లకు పాత టెన్నిస్ బంతులు కోసి తొడిగారు. పిల్లల స్టీలు కంచాల కింద రబ్బరు షీటు పరిచారు. తలుపు బందులకు వారం వారం నూనె వేసేవారు.

"కాపురానికొచ్చిన కొత్తలో వంటింట్లో ఒక స్టీలు గ్లాసు జారిందండి," అని కామాక్షి గారు మాకు మొదటిరోజే చెప్పారు. "పడుకున్న మనిషి లేచి నిలబడిపోయాడు. మొహంలో నెత్తురు లేదు. ఆ తర్వాత ఈ ఇంట్లో గ్లాసు పడలేదండి. పడితే నన్ను మా పుట్టింటికి పంపేస్తాడేమోనని భయం."

"అబ్బెబ్బే, అంత అదృష్టం నాకెక్కడిదండి," అన్నారు నరసరాజు గారు.

ఆ దంపతులను కాలనీలో తెలియని వాళ్లు లేరు. దానికి కారణం వాళ్ల పెళ్లి. ముహూర్తానికి రెండు రోజుల ముందే రేవుకు రావలసిన పడవ రాలేదు. ఎక్కడుందో చెప్పడానికి వీల్లేదు, లోపలున్న పెళ్లికొడుకు కబురు పంపడానికి వీల్లేదు. ఊరంతా వచ్చి కూర్చుంది. ముహూర్తం దాటిపోయింది. వండినవి పారబొయ్యడం ఇష్టంలేక కామాక్షి గారి నాన్న విస్తళ్లు వేయించాడు.

"భోజనాలు అయిపోయాయండి, పెళ్లే కాలేదు," అని ఆవిడ ఇప్పటికీ అంటారు. "రొయ్యల వేపుడు బాగుందని ఊరంతా చెప్పుకున్నారు. పెళ్లికొడుకు ఎలా ఉంటాడో ఎవరికీ తెలీదు."

"మూడోవారంలో వచ్చానుగా!"

"వచ్చారు. సముద్రంలోంచి తీసిన చేపలాగా వచ్చారు, వాసనతో సహా."

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పిల్లపుట్టాక నాకు ప్రతి వస్తువూ ఒక ప్రమాదంలా కనిపించడం మొదలైంది. ద్రాక్షపండును నిలువునా కోస్తేగాని లాస్యకు పెట్టను. క్రెష్‌లో చేర్చిన రోజే నేను అడిగింది నీళ్ల సంపు గురించి. పెరట్లో ఇనుప మూత చూపించి, దాని మీద బరువైన రాయి కూడా చూపించారు నరసరాజు గారు. అయినా రోజూ పొద్దున ఆ రాయిని ఒకసారి చూసి గాని కాలేజీకి వెళ్లేవాణ్ణి కాదు.

"రాయి అక్కడే ఉందండి యుగంధర్ గారూ," అనేవారాయన గేటు దగ్గరే. ఆయన అందరినీ 'అండీ' అనే పిలుస్తారు. పాలు తాగే పిల్లలను కూడా. "లాస్య గారూ, లోపలికి రండి. మీ సీటు మీకోసం ఎదురుచూస్తోందండి."

క్రెష్ నిశ్శబ్దంగా ఉండేది. ఏడుపులు లేవు, అరుపులు లేవు. ఏ.ఎస్. రావు నగర్ నుంచి కూడా తల్లిదండ్రులు పిల్లలను అక్కడికే తెచ్చేవారు. అంతమంది చిన్నపిల్లలు అంత మెల్లగా ఎలా ఉంటారని మాలో ఎవరమూ అడగలేదు. ఇంటికొచ్చి చప్పుడు చెయ్యకుండా అన్నం తింటుంటే మురిసిపోయాం.

గత చలికాలంలో ఒకరోజు టీవీలో వార్త వచ్చింది. బంగాళాఖాతంలో నీళ్లకింద నుంచి మన జలాంతర్గామి దూరం వెళ్లే క్షిపణిని పరీక్షించిందని. లాస్యను తీసుకెళ్లడానికి వచ్చిన నేను కూడా నిలబడి చూశాను. తెల్లటి నురగ పైకి లేచింది, అందులోంచి నిప్పు.

"మా టైములో ఇవి లేవండి," అన్నారు నరసరాజు గారు. "మాది డీజిల్ బోటు. గాలి కోసం మధ్యమధ్య పైకి రావాలి. ఇప్పటివి నెలల తరబడి కిందే ఉంటాయట. ఎక్కడున్నాయో ఇంట్లో ఆడవాళ్లక్కూడా తెలీదు."

"మీరెక్కడున్నారో నాకు తెలిసిందేంటి, పెళ్లి పీటల మీద కూర్చుని?" అని వంటింట్లోంచి కామాక్షి గారు.

"దీంతో మనకేమొస్తదంకుల్?" అని అడిగాను.

"నేలమీదున్న క్షిపణులన్నీ ఒక్క దెబ్బకి పోయాయనుకోండి. నీళ్లలో ఒకటి మిగులుతుంది. అది తిరిగి కొడుతుంది. ఆ భయానికి ఎవడూ ముందు చెయ్యెత్తడు."

"మరి అవతలోళ్లు సుత నీళ్లల్ల పెడితే?"

"పెడతారండి. ఒకళ్లు ఎప్పుడో పెట్టేశారు, ఇంకోళ్లు పెట్టే పనిలో ఉన్నారు. అప్పుడు అందరూ చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలి. మన క్రెష్ లాగ."

ఇద్దరం నవ్వుకున్నాం. పక్కనే నిలబడి పిల్లలు మా మొహాలు చూస్తున్నారు. "తాతా, అది ఎక్కడ దాక్కుంటది?" అని అడిగింది లాస్య. ఆట అక్కడ మొదలైంది.

ముందు హాల్లో పాతకాలపు టేకు దీవాన్ ఒకటుంది. కింద పెట్టె, పైన మూత, మూత మీద పరుపు. పెట్టెలో దుప్పట్లు పెట్టేవారు. సగం దుప్పట్లు తీసేసి దాన్ని బోటు చేశారు నరసరాజు గారు. గేటు వైపు కూర్చునే పిల్లలు ఒక దేశం, మెట్ల వైపు పిల్లలు ఇంకో దేశం. క్షిపణి అంటే ఉండ చుట్టిన మేజోడు. గేటు దేశం తరఫున ఒకరు దీవాన్‌లో దాక్కుంటారు. మెట్ల దేశం వాళ్లు మేజోడు విసిరితే ఆ దాక్కున్న మనిషి బయటికొచ్చి అందరినీ కొడుతుంది, అప్పుడు అందరూ ఓడిపోయినట్టే. కాబట్టి ఎవరూ విసరరు. మధ్యాహ్నమంతా విసరకుండా కూర్చుంటారు. కామాక్షి గారి వంట అయిపోతుంది.

దీవాన్‌లో దాక్కునే మనిషి ఎప్పుడూ లాస్యే. అది అందరికంటే మెదలకుండా ఉండగలదు. చీకట్లో భయపడకుండా ఆయన తన స్టీలు టార్చి ఇచ్చేవారు. దీవాన్ పక్కపలకకు వరసగా చిల్లులు కనిపిస్తే, చెదలమందు కొట్టించారేమో అనుకున్నాను. అవి గాలి కోసం ఆయనే చేసిన చిల్లులని తర్వాత తెలిసింది.

జెరూషా అనే పాప రెండు దేశాల్లో దేనికీ చెందదు. అందరికంటే చిన్నది, మేజోడు విసరడం కూడా రాదు. వాళ్ల అమ్మ నర్సు, నేరేడ్‌మెట్ నుంచి వచ్చి ఆలస్యంగా తీసుకెళ్తుంది. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే నేను బయటికొస్తానని లాస్య మాటిచ్చింది. దాంతో జెరూషా జోలికి ఎవరూ పోలేదు. న్యాయంగా ఉండాలని కొన్నాళ్లకు నరసరాజు గారు మెట్ల దేశానికి కూడా మంచం కింద ఒక బోటు పెట్టారు. ఆ రోజే జెరూషా అడిగిందట: "ఇప్పుడు నాకోసం నువ్వు బయటికొస్తే నిన్ను సుత కొడ్తరు గదా. అయినా వస్తవా?"

"వస్తా," అంది లాస్య.

"నిజంగ?"

జెరూషా ఆ మాట రోజూ అడిగేది. నరసరాజు గారు నాకు ఇది చెప్పి తొడ చరుచుకుని నవ్వారు. "అచ్చం ఇదేనండి, కొరియావోళ్ల గొడవ! ఉత్తర కొరియా నీళ్లకింద నుంచి క్షిపణి వెయ్యడం నేర్చిందా, దక్షిణ కొరియావోళ్లకి బెంగ పట్టుకుంది. మాకోసం అమెరికా తన ఊళ్లని పణం పెడుతుందా అని. జపానువోళ్లదీ అదే బెంగ. ఎన్నిసార్లు 'పెడతాం' అన్నా నమ్మకం కుదరదు. చివరికి దక్షిణ కొరియావోళ్లూ సొంతానికి ఒక బోటు తయారుచేసుకున్నారు. జెరూషా గారు కూడా ఒక బోటు అడుగుతారు, చూడండి."

ఆ ఆదివారం నేను దాని గురించి కొంత చదివాను. ఆయన చెప్పింది నిజమే. మాటిచ్చిన వాడు నిజంగా వస్తాడని నమ్మించడానికే ఆ దేశాలు విన్యాసాలు చేస్తున్నాయి, ఓడలు పంపుతున్నాయి, ప్రకటనలు చేస్తున్నాయి. నమ్మించాలంటే మాటిచ్చిన వాడిలో వెనక్కి తగ్గే గుణం కనిపించకూడదు. ఆ వాక్యం చదివి తల ఊపాను. లాస్య నా పక్కనే కూర్చుని బొమ్మకు జడవేస్తోంది.

జరిగిన రోజు నేను వెళ్లేసరికి సాయంత్రం ఎండ ఇంకా గోడ మీద ఉంది. గేటు బార్లా తెరిచి ఉంది. ఆ ఇంట్లో గేటు తెరిచి ఉండటం నేను అంతకుముందు చూడలేదు. ఆయా బుచ్చమ్మ గడపలో నిలబడి ఉంది.

"సారూ, పెద్దసారుకు గుండెల నొప్పొచ్చింది. అంబులెన్సుల దీస్కవోయిండ్రు. అమ్మగారు సుత వోయింది. ఒక్క మాట అరవలే సారూ, గోడకు ఆనుకొని గట్లనే కూసున్నడు. అమ్మగారు జూసేదాంక ఎవరికీ తెల్వలే."

పిల్లలను ఒక్కొక్కరినే ఇళ్లకు పంపింది బుచ్చమ్మ. హాల్లో రబ్బరు షీటు మీద జెరూషా ఒక్కతే కూర్చుని ఉంది.

"లాస్య యాడుంది?"

"గీడనే ఉండె... మీరు దీస్కవోయిండ్రు అనుకున్న సారూ."

పెరట్లోకి పరిగెత్తాను. సంపు మీద రాయి లేదు. అంబులెన్సు లోపలికి రావడానికి గేటు మూసుకుపోకుండా ఎవరో ఆ రాయి తీసి గేటుకు అడ్డం పెట్టారు. మూత కొద్దిగా పక్కకు జరిగి ఉంది. బోర్లా పడుకుని ఫోన్ టార్చి వేశాను. నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. చెయ్యి పెట్టి కెలికాను. పైపు తగిలింది. వెదురుకర్ర తెచ్చి అడుగంతా పొడిచాను. అలా పొడుస్తున్నప్పుడు కర్ర చివర మెత్తగా ఏమైనా తగలకూడదని దండం పెట్టుకున్న ఆ క్షణాన్ని నేను ఈ జన్మకు మరిచిపోలేను. ఏమీ తగలలేదు.

మేడ మీద చూశాను, బాత్రూముల్లో చూశాను, వీధి చివరిదాకా పరిగెత్తాను. మంచం కింద చూశాను. దీవాన్ మూత మీద పరుపు సర్ది ఉంది, దుప్పటి నలగలేదు. ఆటలో మూత తెరిచే ఉంచుతారనుకునేవాణ్ణి, దాన్ని తెరవాలని నాకు తోచలేదు. పిల్ల లోపలికి వెళ్లాక నరసరాజు గారే పరుపు సర్దేవారని నాకేం తెలుసు? అదీగాక లోపల ఉంటే పలుకుతుంది కదా. ఏ పిల్లైనా పలుకుతుంది.

కామాక్షి గారికి ఫోన్ చేశాను. "లోపలికి తీసుకెళ్లారు నాయనా, మాట్లాడే స్థితిలో లేరు," అని ఆవిడ ఏడ్చారు. "లాస్య దాక్కుందేమో. ఎలా పిలిస్తే వస్తుందో అది ఆయనకే తెలుసు. నాక్కూడా చెప్పలేదండి." ఎక్కడ దాక్కుంటుందని అడిగేలోగా డాక్టరు పిలుస్తున్నాడని పెట్టేశారు.

నేను దీవాన్ మీద కూలబడ్డాను. దాని మీదే కూర్చుని నా భార్య కల్పలతకు ఫోన్ చేశాను.

"ఏందీ? మళ్ల చెప్పు. కనిపిస్తలేదంటే ఏందీ?" అంది. తర్వాత ఆమె గొంతు నాకు వినబడలేదు, కారు తాళాల చప్పుడు వినబడింది.

నేను పెద్దగా ఏడ్చాను. లాస్యా, బేటా, లాస్యా అని ఆ ఇల్లు అదిరేలా పిలిచాను. బుచ్చమ్మ స్టీలు గ్లాసుతో నీళ్లు తెచ్చింది. దాన్ని విసిరి కొట్టాలనిపించింది. చెయ్యి పైకి లేచింది కూడా. కాని ఆ ఇంట్లో అంతకాలం అడుగుపెట్టిన అలవాటు కొద్దీ గ్లాసును మెల్లగా రబ్బరు షీటు మీద పెట్టాను. చప్పుడు కాలేదు.

అప్పుడు జెరూషా నా వైపు కాకుండా నా కాళ్ల కింది వైపు చూస్తోందని గమనించాను.

"నీకు తెలుసు. చెప్పు, లాస్య ఎక్కడుంది?"

"చెప్పొద్దు."

"ఎవరన్నరు చెప్పొద్దని?"

"చెప్పొద్దు."

దీవాన్ మీంచి లేచి జెరూషా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. రెండు భుజాలూ పట్టుకున్నాను. ఊపాను. మూడేళ్ల పిల్లను, పరాయి పిల్లను గట్టిగా ఊపాను. "చెప్పు!" అని అరిచాను. జెరూషా బావురుమంది.

వెనక మూత లేచిన చప్పుడు కూడా కాలేదు. ఆ బందులకు కూడా నూనె వేసి ఉంది. పరుపు జారిన గాలి మాత్రం మెడకు తగిలింది. తల తిప్పాను. టార్చి నా కనుబొమ్మ పైన పడింది. స్టీలు టార్చి, బ్యాటరీలతో నిండుగా బరువున్నది, రెండు చేతులతో ఎత్తి కొట్టింది. కళ్లలోకి నెత్తురు దిగింది. ఆ ఎరుపులోంచి నా కూతురు కనిపించింది. జుట్టు చెమటతో నుదుటికి అంటుకుని, టార్చి మళ్లీ ఎత్తి, నాకూ జెరూషాకూ మధ్య నిలబడి ఉంది.

"దాన్ని ముట్టుకోవద్దు."

"బేటా... నేను. నాన్నను."

"తెలుసు," అంది లాస్య.

కుట్లు వేస్తున్నప్పుడు నొప్పి తెలియలేదు. ఆ 'తెలుసు' అన్న మాటే చెవుల్లో ఉంది. కల్పలత లాస్యను ఒళ్లో కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగింది, నాన్న ఏడుస్తుంటే వినబడలేదా అని. వినబడిందట. "అవతలోళ్లు నాన్న గొంతు పెట్టి పిలుస్తరు. అమ్మ గొంతు సుత పెడ్తరు. పలికితే దొరికిపోతం," అంది. కల్పలత నా వైపు చూసింది.

మూడోరోజు నరసరాజు గారిని వార్డుకు మార్చాక వెళ్లాను. చెబుదామా వద్దా అనుకుంటూనే చెప్పేశాను. ఆయన నా కట్టు చూస్తూ విన్నారు. "మీరు అంత పిలిచినా పలకలేదాండి?" అన్నారు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆయన కళ్లు మెరిశాయి. నేను చూశాను. ఆ తర్వాత ఆ మొహం ముడుచుకుపోయింది. చేతికి సూది ఉందని కూడా మరిచిపోయి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"పైకి రమ్మనడానికి ఒక్కటే సిగ్నల్ పెట్టానండి. నేను స్టీలు గ్లాసు కింద పడెయ్యాలి. మా ఇంట్లో పొరపాటున కూడా వినబడని చప్పుడు కదా అని. నాకేదైనా అయితే ఎలాగని అనుకోలేదండి. ఇన్నేళ్లు ఆ పని చేసి, అదొక్కటే అనుకోలేదు."

నేను రబ్బరు షీటు మీద మెల్లగా పెట్టిన గ్లాసు గుర్తొచ్చింది.

ఇంట్లో లాస్య మారలేదు. కాలింగ్ బెల్ మోగితే మంచం కిందికి వెళ్లిపోతోంది. పిలిస్తే పలకదు. ఒకరోజు వంటింట్లో నేనే గ్లాసు పడేశాను. మంచం కింది నుంచి గొంతు వచ్చింది: "అది మన ఇంటి గ్లాసు. మన ఇంట్లో రోజూ పడుతది."

అందుకే నరసరాజు గారు ఇంటికొచ్చారని తెలియగానే లాస్యను తీసుకుని వెళ్లాను. కల్పలతకు ఇష్టం లేదు. వాకిట్లోనే నిలబడింది. జెరూషాను తీసుకుని వాళ్లమ్మ కూడా వచ్చింది. నరసరాజు గారు చిక్కిపోయారు. కామాక్షి గారు వంటింట్లోంచి గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చి, తన రెండు చెవులూ మూసుకున్నారు. ఆయన చెయ్యి చాపి వదిలేశారు. గ్లాసు గచ్చు మీద పడి, ఎగిరి, దొర్లుకుంటూ గోడదాకా వెళ్లింది. ఆ ఇంట్లో అంత చప్పుడు నేను ఎన్నడూ వినలేదు. లాస్య భుజాలు కిందికి దిగాయి.

ఆయన కింద కూర్చుని స్క్రూడ్రైవరుతో దీవాన్ మూత బందులు విప్పేశారు. మధ్యలో ఆయాసపడితే మూతను నేను పట్టుకున్నాను.

"ఆట అయిపోయిందండి లాస్య గారూ. ఇంక బోటు లేదు. అమ్మా నాన్నా పిలిస్తే పలకాలండి."

"నాన్న గొంతు పెట్టి వాళ్లు పిలిస్తే?"

ఆ మాట నేర్పింది ఆయనే. నా వైపు చూశారు. స్క్రూలు ఏరి జేబులో వేసుకున్నారు.

వాళ్లమ్మ చీర పట్టుకుని నిలబడ్డ జెరూషా తెరిచి ఉన్న పెట్టెలోకి తొంగి చూసింది. దుప్పట్లు తప్ప ఏమీ లేవు.

"మరి నన్ను కొడితే ఎవరొస్తరు?" అంది.

లాస్య నా నుదుటి కట్టు వైపు కాసేపు చూసింది. తర్వాత వెళ్లి జెరూషా చెయ్యి పట్టుకుని, రబ్బరు షీటు మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. టార్చి కోసం నరసరాజు గారి ముందుకు చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. లాస్య చెయ్యి వెనక్కి తీసుకోలేదు.